ఆ ఫారంలో మనసుకు గడి లేదు

చినుకు గట్టిగా పడితే చాలు, తిరుపతి లోతట్టు కాలనీల్లో ఇప్పటికీ బియ్యం డ్రమ్ము మంచం మీదికి ఎక్కుతుంది. ఇంటి పత్రాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా పైన పెడతారు. టార్చిలైటు పట్టుకుని ఎవరో ఒకరు తెల్లవార్లూ గడప దగ్గరే కూర్చుంటారు. 2021 నవంబరు వాళ్లను వదల్లేదు. స్వర్ణముఖి పొంగడం, రాయలచెరువు కట్ట లీకవడం, దిగువ పల్లెలను ఖాళీ చేయించడం ఎవరూ మరిచిపోలేదు. నీళ్లు తీశాయి గానీ ఆ టెన్షన్ తీయలేదు.

వరద తర్వాత నష్టం రాసుకోవడానికి అధికారులు వస్తారు. కూలిన గోడ రాస్తారు, చచ్చిన ఆవును రాస్తారు, మునిగిన మడిని రాస్తారు. నిద్ర పట్టని మనిషిని రాయడానికి గడే లేదు.

చిత్తూరు పల్లెల్లో బాధ ఇంకో రకం. వేరుశనగ ఊడలు దిగే వేళకు నేలలో తడి ఉండదు. మామిడి పూత మీద అకాల వాన పడుతుంది. బోరు ఎండితే ఇంకో బోరు, దానికి ఇంకో అప్పు. అన్నం దగ్గర ఆ రైతు మాట్లాడటం మానేస్తే భార్యకు తెలుస్తుంది, పిల్లలకు తెలుస్తుంది. కరవు లెక్కల్లో మాత్రం ఎకరాలే ఉంటాయి.

ముందు తిండి, ఇల్లు, పరిహారం. మనసు సంగతి తర్వాత అంటారు. కాదనం. కానీ ఆ 'తర్వాత' ఎన్నడూ రావడం లేదే! లెక్కకు రానిది నష్టమే కాదన్న ఆనవాయితీ ఒకసారి పాతుకుపోతే, రేపు ప్రతి తుపానుకూ, ప్రతి కరవుకూ అదే వర్తిస్తుంది. మా భయం అదే.

వాతావరణ మార్పు మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తోందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2022 నివేదికలో స్పష్టంగా చెప్పింది. విపత్తుల్లో మానసిక సాయం ఎలా అందించాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ మానసిక సాయం హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉచిత నంబరు 14416కు రాత్రీపగలూ ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది ఎన్ని సచివాలయాల గోడల మీద కనిపిస్తోంది? తుపాను హెచ్చరికను ప్రతి సెల్‌ఫోన్‌కూ పంపగలిగినవాళ్లకు, దాని కిందే ఈ నంబరు పెట్టడం కష్టమా?

ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరులో వస్తాయి. ఆలోగా నష్టం రాసే ఫారంలో ఆ గడి చేర్చండి. ఊళ్లకు వెళ్లే జీపులో కౌన్సెలర్‌ను ఎక్కించండి. ఈసారి కూడా గోడలు, గొడ్లు రాసుకుని తిరిగొస్తే, దాన్ని మరుపు అంటే మేం ఒప్పుకోం.