మంచులో బండి ఆపితే ఆ గంటల కిరాయి ఎవరిస్తారు?

ఆకివీడు, కైకలూరు, భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి చేపల లోడుతో హౌరా వెళ్ళే లారీకి పదకొండు వందల కిలోమీటర్లకు పైనే దారి. తుని, విశాఖ, ఇచ్ఛాపురం, కటక్, బాలాసోర్, ఖరగ్‌పూర్ దాటుకుంటూ పోవాలి. ట్రేలలో చేప, చేప మీద ఐసు. ఆ ఐసు కరిగేలోపు, మార్కెట్లో పొద్దుటి వేలంపాటకు అందేలా బండి చేరాలి. మిగతా నెలల్లో ఈ లెక్క ఎలాగోలా కుదురుతుంది. డిసెంబరు, జనవరిల్లో మాత్రం సరిగ్గా చివరి మూడు నాలుగు వందల కిలోమీటర్లలోనే, తెల్లవారుజాము మూడింటికో నాలుగింటికో రోడ్డు మీదికి మంచు దిగుతుంది. ఎనిమిదింటి దాకా తొలగదు. బండి పక్కకు తీయాలా, అలాగే పోనివ్వాలా అన్నది అప్పుడు తేల్చుకోవాలి.

స్టీరింగు పట్టుకున్నవాడే తేల్చుకుంటాడని బయటివాళ్ళం అనుకుంటాం. ప్రమాదం జరిగితే పోలీసు కేసులో కూడా అతని పేరే ఉంటుంది. కానీ ఆ నాలుగు గంటలూ అతని నెత్తిన కూర్చునేవాళ్ళు చాలామంది: పాటకు అందకపోతే రేటు పడిపోతుందనే చేపల వ్యాపారి, ఫోన్ల మీద ఫోన్లు చేసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, ట్రిప్పుల లెక్కన డబ్బిచ్చే ఓనరు, ఐదో తారీఖున కిస్తీ కోసం వచ్చే ఫైనాన్సు మనిషి. వీళ్ళందరి వెనక నిద్రపోకుండా ఫోను పట్టుకుని కూర్చున్న ఇల్లు ఉంటుంది. ఆపమని చెప్పగలిగేది ఆ ఇల్లొక్కటే. ఆపితే నష్టపోయేది కూడా ఆ ఇల్లే. అసలు అన్యాయం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మంచులో లారీ నడపడం ఎంత కష్టమో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 200 మీటర్ల లోపే కనిపిస్తే దట్టమైన మంచు అనీ, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైన మంచు అనీ వాతావరణ శాఖ అంటుంది. లోడు లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ఎదురుగా ఏదో ఉందని కన్ను పసిగట్టి, కాలు బ్రేకు మీదికి వెళ్ళేసరికి రెండు సెకన్లు. అప్పటికే బండి 33 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. బ్రేకు పట్టాక పూర్తిగా ఆగడానికి మరో 35 మీటర్లు కావాలి. కనిపించేదేమో 50. అంటే ఎదురుగా ఆగి ఉన్న లారీని చూసే సమయానికే గుద్దడం ఖాయమైపోయింది. అదే 30కి తగ్గిస్తే పాతిక మీటర్లలో ఆగుతుంది. కానీ 30 మీద పోతే పాట అందదు.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో పొగమంచు వేళ జరిగిన ప్రమాదాల్లో పోయినవాళ్ళే 14 వేలకు పైగా ఉన్నారు. ఈ మంచు ఉత్తరాదికే పరిమితం కాదు. మబ్బు లేని రాత్రి గాలి ఆగిపోయి, నేల చల్లబడి, పక్కనే చెరువో వరిచేనో కాలవో ఉంటే చాలు. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా జనవరి పొద్దున్నే ప్రయాణం చేసిన ఎవరినైనా అడగండి.

ఇంకో సంగతి ఉంది. ఆపేయమని చెప్పడం తేలిక, ఎక్కడ ఆపాలన్నదే చిక్కు. మంచులో ఘోరమైన ప్రమాదాలు ఎన్నో రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దడం వల్ల జరుగుతాయి. టెయిల్ లైటు వెలగదు, రేడియం స్టిక్కరు మీద మట్టి పేరుకుని ఉంటుంది. ఆగడమంటే రోడ్డు దిగి పెట్రోలు బంకులోకో, డాబా ముందు ఖాళీ స్థలంలోకో, లారీలకని కట్టిన పార్కింగులోకో వెళ్ళడం. అలాంటి చోటు ఇంకా 20 కిలోమీటర్లు ఉందంటే ఆ 20 కిలోమీటర్లూ మంచులో నడపాల్సిందే. క్లీనర్ ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి తెల్లగీత చూసి చెబుతుంటాడు. ఇప్పుడు చాలా బళ్ళకు క్లీనరే లేడు. జీతం మిగుల్చుకోవడానికి ఓనర్లు ఒక్క డ్రైవరునే పంపిస్తున్నారు. రెండో జత కళ్ళు లేని ఆ బండి చలికాలంలో ఎంత గుడ్డిగా పోతుందో ఆ మిగులు లెక్కలో ఎవరూ రాయరు.

ఇక ఇంటి సంగతి. భీమవరం వైపు ఒక డ్రైవరు భార్య నాతో చెప్పిన మాట మరిచిపోలేను. తెల్లవారుజామున మెలకువ వస్తే ఆమె ఫోను చేస్తుందట. “ఏవండీ, మంచుందా?” అని అడిగితే “లేదులే, బాగానే ఉంది, నువ్వు పడుకో” అంటాడు. కానీ అతని మాట వెనక అద్దం మీద వైపర్ కిర్రుకిర్రుమంటుంటే ఆమెకు వినిపిస్తుంది. వాన కాలం కాదు. ఇంకెందుకు తిరుగుతుంది వైపరు? అబద్ధమని తెలిసినా పైకి అనదు. అంటే అతను కంగారు పడతాడని భయం. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు దాచుకుంటారు. ఆ రెండు నిమిషాలూ అతను ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతున్నాడన్నది ఇద్దరికీ తెలుసు.

ఆ భార్యాభర్తలు తరవాత ఒక ఏర్పాటు చేసుకున్నారు. మూడింటి నుంచి ఏడింటి దాకా ఆమె ఫోను చేయదు. బండి ఆపినప్పుడు అతనే వాయిస్ మెసేజ్ పెడతాడు. రోడ్డు అంచు గీత కనిపించకపోతే తరవాత వచ్చే బంకులో ఆపాలన్నది బయలుదేరే ముందే అనుకున్న మాట. జనవరి కిస్తీ డబ్బు, డ్వాక్రా వాయిదా డిసెంబరు మొదటి వారంలోనే పక్కన పెట్టేస్తారు. ఈ మూడో సంగతే అన్నిటికన్నా ముఖ్యమని నాకనిపిస్తుంది. అర్ధరాత్రి, నిద్ర ఆగని వేళ, ఓనరు ఫోను మోగుతున్నప్పుడు తీసుకునే నిర్ణయం ఎప్పుడూ డబ్బువైపే ఒరుగుతుంది. అదే నిర్ణయం నాలుగు రోజుల ముందు, ఇంట్లో అన్నం ముందు కూర్చుని తీసుకుంటే ప్రాణంవైపు ఒరుగుతుంది.

ఇంటి నుంచి వచ్చే ఒత్తిడి కూడా లేకపోలేదు. మన దగ్గర మంచు ముదిరే రోజులూ సంక్రాంతీ ఒకేసారి వస్తాయి. “నాన్నా, భోగికి వచ్చేస్తావా?” అని పిల్లలు అడుగుతారు. అల్లుడు పండక్కి రాలేదంటే అత్తవారింట్లో ఏమనుకుంటారోనని ఇంకో బెంగ. హౌరాలో లోడు దించి ఖాళీ బండితో, నిద్ర లేకుండా, పండగ కోసం తిరుగు ప్రయాణం పట్టే డ్రైవర్లు ఎందరో. కనుమ నాటికి వచ్చినా పండగే అని ముందుగానే చెప్పగలిగిన ఇల్లు అతనికి ఒక రాత్రి నిద్ర ఇచ్చినట్టే.

ఇల్లు ఇంతవరకే చేయగలదు. ఇంతకుమించి చేయాల్సింది ఎవరో చూడటానికి అమెరికాలో జరిగిన ఒక కేసు గురించి చెప్పాలి. 2009 జనవరిలో ఆల్ఫాన్స్ మాడిన్ అనే డ్రైవరు ఇల్లినాయ్ రాష్ట్రంలో సరుకుతో వెళ్తున్నాడు. సున్నాకు ఎంతో దిగువన చలి. ట్రైలరు బ్రేకులు గడ్డకట్టి పట్టేశాయి. క్యాబిన్‌లో హీటరు పనిచేయడం లేదు. రాత్రి పదకొండు దాటాక కంపెనీకి ఫోను చేస్తే మెకానిక్కును పంపిస్తాం, ఉండమన్నారు. ఉన్నాడు, ఆ చలిలోనే నిద్రలోకి జారిపోయాడు. ఒంటిగంట దాటాక అతని బంధువు ఒకతను ఫోను చేశాడు. ఆ ఫోనుకే మెలకువ వచ్చింది. అప్పటికే మాట ముద్దముద్దగా వస్తోందని, తికమకగా మాట్లాడుతున్నాడని ఆ బంధువు గమనించాడు. కాళ్ళు స్పర్శ కోల్పోయాయి, నడుము పైభాగం మొద్దుబారింది. కంపెనీకి మళ్ళీ చేస్తే ఓపిక పట్టమన్నారు. అతను ట్రైలరును విడదీసి అక్కడే వదిలేస్తానంటే, ట్రైలరును ఈడ్చుకుంటూ అయినా వెళ్ళు, లేకపోతే అక్కడే ఉండు అన్నాడు సూపర్‌వైజరు. బ్రేకు పట్టేసిన ట్రైలరును ఈడ్చుకెళ్తే రోడ్డు మీద ఇంకెవరో చస్తారు. అక్కడే ఉంటే తను చస్తాడు. మాడిన్ ట్రైలరును వదిలి, దాన్ని లాగే ఇంజను బండితో వెళ్ళిపోయాడు. పావుగంటకు మెకానిక్కు వచ్చాడని తెలిసి వెనక్కి తిరిగి వచ్చాడు కూడా. అయినా లోడు వదిలేసి వెళ్ళాడని ట్రాన్స్‌యామ్ కంపెనీ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది.

ఆ దేశంలో 1982 నాటి చట్టం ఒకటి, ప్రమాదకరమైన పరిస్థితిలో బండి నడపనన్న డ్రైవరును పనిలోంచి తీసేయకూడదంటుంది. హిమపాతం, వర్షం, పొగమంచు మరీ ప్రమాదంగా మారితే బండి ఆపేయాలని, సురక్షితంగా నడిపే వీలు చిక్కేదాకా తిరిగి తీయకూడదని మరో నిబంధన ఉంది. 2016 నుంచి సరుకు పంపేవాళ్ళూ, అందుకునేవాళ్ళూ, బ్రోకర్లూ కూడా నిబంధనలు మీరి నడపమని డ్రైవరును బలవంతపెట్టకూడదు. మాడిన్ గెలిచాడు. అప్పీలు కోర్టు 2016లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపుగా అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది. వ్యతిరేకించిన ఆ ఒక్క జడ్జి నీల్ గోర్సచ్. మరుసటి ఏడాది సుప్రీంకోర్టుకు ఆయన పేరు ప్రతిపాదించినప్పుడు సెనేట్‌లో ఈ కేసు గురించే గట్టిగా నిలదీశారు. 2009లో మొదలైన గొడవ తేలడానికి ఏడేళ్ళు పట్టింది. ఇంత చట్టం ఉన్నా అక్కడ కూడా చాలామంది డ్రైవర్లకు జీతం మైళ్ళ లెక్కనే. బండి ఆగితే మీటరు ఆగినట్టే. చట్టం ఆగే హక్కు ఇచ్చింది గానీ ఆగిన గంటకు కూలి ఇప్పించలేదు.

మన దగ్గర ఆ హక్కు కూడా లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. ఐదుగురికన్నా తక్కువమంది పనిచేసే చోటికి అది వర్తించలేదు. మన లారీల్లో అధికభాగం కొద్ది బళ్ళున్న చిన్న ఓనర్లవే కాబట్టి చాలామంది డ్రైవర్లు దాని నీడలోకి రానేలేదు. ఇప్పుడది కొత్త కార్మిక స్మృతిలో కలిసిపోయింది. సరుకుకు ఉన్న వెసులుబాటు మాత్రం చూడండి. సరుకు రవాణాకు తీసుకునే జీఎస్టీ ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తుంది. దారిలో ఆలస్యమైతే ప్రకృతి వైపరీత్యమనో, ప్రమాదమనో కారణం చూపి గడువు పొడిగించుకోవచ్చు. కాగితానికి గడువు పెంచుకునే దారి పెట్టారు, దాన్ని మోసుకెళ్ళే మనిషికి పెట్టలేదు.

లోడింగ్ దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర బండి ఎక్కువసేపు నిలబడితే హాల్టింగ్ చార్జీ ఇవ్వడం మన ట్రాన్స్‌పోర్టులో ఎప్పటినుంచో ఉన్నదే. గేటు ముందు నిలబడ్డ గంటకు డబ్బు ఉంది, మంచులో నిలబడ్డ గంటకు లేదు. ఆ గంటకూ హాల్టింగ్ కట్టాలి, అందులో డ్రైవరు బత్తా విడిగా ఉండాలి. వ్యాపారుల అభ్యంతరం నాకు తెలుసు: చేప పాడైతే ఎవరు భరిస్తారు, రేటు ఎవరు పెంచుతారు అని. పది టన్నుల లోడు మీద మూడు వేల రూపాయలు హాల్టింగ్ వేసినా కిలోకు పడేది 30 పైసలు. చలికాలంలో ఐసు కూడా వేసవిలోలా గబగబా కరిగిపోదు. ఆరు గంటల ఆలస్యానికి సరిపడా ఐసు అదనంగా వేసుకోవడం అసాధ్యమేమీ కాదు.

అసలు భయం పక్క బండి గురించే. నేను ఆగి, అతను పోతే పాట అతనికి దక్కుతుంది. దీనికి మందు అందర్నీ ఒకేసారి ఆపడమే. ఉత్తరప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌వేల మీద దట్టమైన మంచు పట్టినప్పుడు వాహనాలను టోల్‌ప్లాజాల దగ్గర ఆపి, గుంపులుగా వదిలే పద్ధతి ఉంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఏటా డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ దాకా వేగ పరిమితి తగ్గిస్తారు. ఈ లారీలు పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఆ పని ఎందుకు చేయకూడదు? టోల్‌గేట్ దగ్గర స్థలం ఉంటుంది, లైట్లుంటాయి, మరుగుదొడ్డి ఉంటుంది. అందరూ ఆగితే అందరి చేపా ఒకేసారి మార్కెట్‌కు చేరుతుంది, ఎవరి రేటూ పడిపోదు. ఓనరు ఫోను చేసి తిట్టడానికి కూడా ఏమీ మిగలదు. ప్రతి టోల్‌గేట్ దాటినప్పుడల్లా ఫాస్టాగ్ మెసేజ్ అతని ఫోనుకే వస్తుంది కాబట్టి బండి ఏ టోల్‌గేట్ దాకా వచ్చిందో అతనికి తెలుసు. డ్రైవరు ఇంట్లోవాళ్ళకే ఆ మెసేజ్ రాదు. వాళ్ళ నంబరుకు కూడా పంపడం ఓనర్లకు రూపాయి ఖర్చు లేని పని.

దీపావళి దాటాక, మంచు మొదలవకముందే ఆకివీడు, భీమవరం, కైకలూరుల్లో లారీ ఓనర్ల సంఘాలు, చేపల ఎగుమతి వ్యాపారులు కూర్చుని చలికాలం కిరాయి మాట్లాడుకోవాలి. మంచు వల్ల ఆగిన గంటలకు హాల్టింగ్ ఎంతో బిల్టీ (లోడు రసీదు) మీదే రాసుకోవాలి. ఆ మాటలకు డ్రైవర్లతోపాటు వాళ్ళ భార్యలను కూడా పిలవాలి. ఏ ట్రిప్పుకు చేతికి ఎంత వచ్చిందో, ఏ కిస్తీ ఏ తారీఖున కట్టాలో, ఒక్క రోజు ఆలస్యానికి ఇంట్లో ఏది ఆగిపోతుందో అణా పైసలతో చెప్పగలిగేది వాళ్ళే.