పార్టీ వాల్ చట్టం గారికి, గోడకు ఇవతలి నుంచి

ఇంగ్లాండు, వేల్సు ప్రాంతాల ఉమ్మడి గోడలకు సర్వాధికారి అయిన పార్టీ వాల్ చట్టం, 1996 గారికి,

ఈస్ట్ హామ్‌లో ఒక వరస ఇళ్ల వీధిలో, అటొక గోడా ఇటొక గోడా ఇతరులతో పంచుకుని బతుకుతున్న నంద్యాలవాడు నమస్కరించి రాయునది.

మీ దయవల్ల మా బంధువుల్లో నాకు "బిల్డింగ్ ఓనర్" అని పేరొచ్చింది. లండన్‌లో బిల్డింగులు కొన్నాడంట అని ఊళ్లో చెప్పుకుంటున్నారు, ఇద్దరు చేబదులు కూడా అడిగారు. వంటింటిని వెనక పెరట్లోకి మూడు మీటర్లు జరుపుకుందామనుకున్న ప్రతివాడినీ మీరు అట్లాగే పిలుస్తారని, అది ఆస్తి కాదు ముద్దాయి హోదా అని వాళ్లకెలా చెప్పేది? పక్కింటివాళ్లకు మీరు పెట్టిన పేరు అడ్జాయినింగ్ ఓనర్. నిన్నటిదాకా ఎడమ పక్కింటావిడ మాకు మామ్మగారు.

మీ వంశం గొప్పదే, కాదనను. 1666లో పుడింగ్ లేన్‌లో ఒక రొట్టెల దుకాణంలో పుట్టిన మంట లండన్‌లో 13 వేల ఇళ్లను మించి బూడిద చేసింది. ఆ తర్వాత వచ్చిన పునర్నిర్మాణ చట్టం, ఇళ్లు ఇటుకతోనో రాతితోనో కట్టమని చెప్పి, రెండిళ్ల నడిమి గోడకు కూడా నియమాలు పెట్టింది. అప్పట్నుంచీ లండన్‌కు మీ పెద్దలు కాపలా ఉంటూనే వచ్చారు. 1939 నాటి లండన్ చట్టం మీకు స్వయానా తండ్రి. ఆ కాపలాను ఇంగ్లాండు, వేల్సు అంతటికీ పరుస్తూ 1997 జులై 1న తమరు అమల్లోకి వచ్చారు. స్కాట్లండు మాత్రం తమరు లేకుండానే గోడలు కట్టుకుంటోంది. అక్కడ ఇళ్లన్నీ ఒకదాని మీదొకటి కూలిపోయాయన్న వార్త ఇంకా రాలేదు.

మిమ్మల్ని ప్రభువుల సభలో ప్రవేశపెట్టినాయన లిట్టన్ ప్రభువు. వృత్తిరీత్యా ఆయనే ఒక చార్టర్డ్ సర్వేయరు, కాబట్టి సర్వేయర్లకు పని కరువైంది మాత్రం లేదు. కరువంటే గుర్తొచ్చింది. ఆయన ముత్తాత కూడా లిట్టన్ ప్రభువే, మా సీమను ధాత కరువు మింగిన నాటి వైస్రాయి. జనం డొక్కలెండి దారుల వెంట పడిపోతుంటే 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపినాయన, మరుసటి ఏడు దేశభాషల పత్రికల నోరు కట్టే చట్టం తెచ్చినాయన. ముత్తాత లెక్కను మునిమనవడి పద్దులో రాయడం ధర్మం కాదు, నేను రాయడం లేదు. ఈ సంగతి విన్న మా నాయన మాత్రం, "అప్పుడు నోటికి, ఇప్పుడు వంటింటికా?" అన్నాడు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. అమ్మతో కలిసి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి, కొత్త వంటింట్లో అమ్మ చేసే ఉగ్గాని తిని వెళ్దామనుకున్నాడు. వీసా సగానికి వచ్చింది. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు ఇప్పటికీ హాల్లోనే ఉండాలి.

మూడు మీటర్ల గదికి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు, ఎత్తూ మిగతా షరతులూ సరిగ్గా ఉంటే అది పుట్టుకతో వచ్చిన హక్కని ప్లానింగ్ నియమాలే చెప్తాయి. హమ్మయ్య అనుకునేలోపు మీరు తగులుతారు. కౌన్సిలుకు మీతో పని లేదు, మీకు కౌన్సిలుతో పని లేదు. పక్కింటికి మూడు మీటర్ల లోపల, వాళ్ల పునాది కంటే లోతుకు తవ్వితే ఒక నెల ముందు నోటీసు. ఉమ్మడి గోడను తొలవాలన్నా, పెంచాలన్నా రెండు నెలల ముందు నోటీసు. హద్దు గీత మీద కొత్త గోడ లేపితే ఇంకో నోటీసు. మా వీధి ఇళ్లు వందేళ్లు దాటినవి, వాటి పునాదులు మోకాటి లోతుకు మించవు. ఈ లండన్ బంకమట్టిలో ఇవాళ్టి పునాదికి కనీసం ఒక మీటరు దిగందే ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు. అంటే ఇక్కడ గడ్డపార పట్టినవాడల్లా మీ చేతికి చిక్కినట్టే.

"గోడ ఎవరిదిరా?" అని నాయన అడిగాడు.

"సగం మనది, సగం ఆమెది."

"మన సగంలో మనం బెజ్జం కొట్టుకుంటే?"

"అవతలి సగానికి నోటీసివ్వాలి."

"అవతలి సగం మన సగాన్ని పట్టుకుని నిలబడింది కదప్పా, దానికి మనం ఏమీ ఇయ్యక్కర్లేదా?"

దీనికి మీలో ఏ సెక్షన్‌లోనూ జవాబు దొరకలేదు.

ఇక అసలు గొడవకొస్తాను. ఎడమ పక్క మామ్మగారు మేం రాకముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్నారు. కంచె మీదుగా ఆపిల్ పళ్లిస్తారు, అమ్మ ఇచ్చే ఓళిగలు పుచ్చుకుంటారు. గది కడదామనుకుంటున్నామని చెబితే, "కట్టుకో నాయనా, మీ అమ్మ పాపం ఆ ఇరుకులో ఎట్లా తిప్పలు పడుతోందో" అనే అర్థం వచ్చేటట్టు ఇంగ్లీషులో అన్నారు. మా ఊళ్లో అయితే అక్కడికి కథ కంచికి. మీ రాజ్యంలో నోటిమాట చెల్లదు, సమ్మతి కాగితం మీద ఉండాలి. నోటీసిచ్చాను, ప్రభుత్వం వారు అచ్చేసిన నమూనా ప్రకారమే, వినయంగా. 14 రోజులు గడువు.

మామ్మగారు ఆ కాగితం చూసి భయపడ్డారు. కెంటులో ఉండే కొడుక్కి ఫోన్ చేశారు. ఆయన, "అమ్మా, దేని మీదా సంతకం పెట్టొద్దు" అన్నాడు. భూమ్మీద ఎక్కడైనా కొడుకులు తల్లులకు చెప్పేమాట అదేగా, నేనూ మా అమ్మకు అదే చెప్తాను. ఆవిడ సంతకం పెట్టలేదు, వద్దనీ చెప్పలేదు. కాగితాన్ని టీ కెటిల్ వెనక పెట్టి ఊరుకున్నారు.

మౌనం అర్ధాంగీకారం అని నేర్చుకుని పెరిగినవాణ్ణి నేను. మీ దగ్గర మౌనం పూర్తి వివాదం! పద్నాలుగో రోజు దాటగానే, పక్క వంటింట్లో ప్రశాంతంగా టీ కాచుకుంటున్న పెద్దావిడకూ ఇటు ప్రశాంతంగా సాంబారు కలుపుకుంటున్న నాకూ మధ్య వివాదం తలెత్తినట్టు మీరు తేల్చేశారు. మేమిద్దరం ఏ విషయంలో గొడవపడ్డామో మాకే తెలియదు. వివాదమంటే ఇద్దరం తలొక సర్వేయర్నో, ఇద్దరికీ కలిపి ఒకర్నో పెట్టుకుని తేల్చుకోవాలి. ఒకవేళ ఆవిడ సర్వేయర్ని పెట్టుకోమన్నా పెట్టుకోకుండా ఊరుకుంటే, పది రోజుల తర్వాత ఆవిడ తరఫున నేనే పెట్టొచ్చట. నాతో పోట్లాడ్డానికి నేనే మనిషిని కుదిర్చి నేనే కూలివ్వడం అన్నమాట.

ఆ అవసరం రాలేదు లెండి. ఈలోగా ఆవిడ తలుపు సందులోంచి ఒక ఉత్తరం లోపలికి పడింది. మీ పక్కింటివారు కట్టబోతున్నారు, మీ హక్కులు కాపాడతాం, మీకు పైసా ఖర్చు లేదు అని. చదువుకుంటే ఆ ఉత్తరం నిజమే చెప్పింది. ఆవిడకు ఖర్చు లేదు. మామూలుగా మొత్తం భరించేది బిల్డింగ్ ఓనరే కాబట్టి నా సర్వేయరు ఫీజు నాది, ఆవిడ సర్వేయరు ఫీజూ నాదే, అదీ గంటల లెక్కన. మీటరు ఆయన దగ్గర, ఆటో ఆయనది, తిరిగేది ఆవిడ వీధిలో, డబ్బులు నావి. ఇద్దరికీ కలిపి ఒకే సర్వేయర్ని ఒప్పుకునే దారి మీరే పెట్టారు, అది చవక కూడా. కానీ కెంటులోని కొడుకు, "వాళ్ల మనిషిని మనం నమ్మడమేంటి?" అన్నాడు. ఏ వైపువాడూ కాకుండా నిష్పక్షంగా నడవడమే సర్వేయరు ధర్మమని మీలో ఉంది. మరి నిష్పక్షమైనవాళ్లు ఇద్దరెందుకు అని నాయన అడిగితే, వాళ్లిద్దరికీ పేచీ వస్తే తీర్చడానికి మూడో సర్వేయర్ని ముందే ఎన్నుకుని ఉంచుతారని చెప్పాను. ఆయన కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

మాకు తెలిసిన సర్వేయరు మండలాఫీసు నుంచి గొలుసు పట్టుకుని వచ్చి, చెట్టు కింద మజ్జిగ తాగి, రాయి పాతి వెళ్తాడు. మీ సర్వేయరు ఎవరో చూద్దామని నిర్వచనాల సెక్షన్ తీశాను. ఆ వివాదంలో కక్షిదారు కాని ఏ మనిషైనా సర్వేయరే. చదువు, పరీక్ష, లైసెన్సు, ఏదీ అడగలేదు మీరు. బాగా చదువుకున్న, నిజాయితీ గల సర్వేయర్లు చాలామందే ఉన్నారు, నాకు దొరికినాయన వాళ్లలో ఒకడు. కానీ అది మా అదృష్టం, మీ గొప్ప కాదు. పైగా ఒకసారి నియమించాక తీసెయ్యడానికి వీల్లేదు. ఆయన తప్పుకోవాలి, లేదా పోవాలి.

ఎడమ పక్క ఒక్క మామ్మగారే, కుడి పక్క అట్లా కాదు. ఆ ఇల్లు కిందా పైనా రెండు ఫ్లాట్లు. కింది లీజు ఒకరిది, పై లీజు ఇంకొకరిది, ఫ్రీహోల్డు, అంటే నేలతో సహా ఇంటి అసలు సొంత హక్కు, మరెక్కడో ఉండే మూడో మనిషిది. వీళ్లంతా మీకు ఓనర్లే, అందరికీ విడివిడిగా నోటీసులు. మనిషి దొరక్కపోతే "ఓనర్ గారికి" అని రాసి నలుగురికీ కనబడేచోట అంటించొచ్చని వెసులుబాటిచ్చారు, సంతోషం. అంటించాను. మా ఊళ్లో జప్తు నోటీసులు అట్లా అంటిస్తారు. కింది ఫ్లాటులోని పిల్లలు నన్ను చూసి లోపలికి పరిగెత్తారు.

మా బిల్డరు ఇవన్నీ చూసి నవ్వాడు. "నోటీసు లేకుండా తవ్వేద్దాం సార్" అన్నాడు. తవ్వితే పోలీసులు రారు, మీరు జరిమానా పెట్టలేదు. పక్కవాళ్లు కోర్టుకెళ్లి పని ఆపించే ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, నష్టమైతే దావా వెయ్యొచ్చు, అంతే. 2023లో అప్పీలు కోర్టు ఇంకో మాట తేల్చింది. నోటీసే ఇవ్వనివాడి మీద మీ సర్వేయర్లకు అధికారమే పుట్టదట. అంటే గడప దగ్గర దణ్ణం పెట్టినవాడికి మీటరు తిరుగుతుంది, గోడ దూకినవాడు మీ లెక్కలోనే ఉండడు. అయ్యా, చట్టాన్ని గౌరవించేవాళ్లకు మాత్రమే వర్తించే చట్టాన్ని నేను మొదటిసారి చూస్తున్నాను.

తర్వాత ఘట్టం షెడ్యూల్ ఆఫ్ కండిషన్. పని మొదలుకాక ముందు పక్కింట్లో ఏయే పగుళ్లున్నాయో రాసి పెట్టుకోవడం. ఇది మంచి పనే, రేపు ఏ పగులు పాతదో ఏది కొత్తదో తగువు రాదు. సర్వేయర్లు మామ్మగారి ఇల్లంతా తిరిగి, సీలింగులో వెంట్రుకంత గీత, కిటికీ మూల ఇంకో గీత, మెట్ల కింద పెచ్చు, అన్నీ ఫోటోలు తీశారు. ఆవిడ అంతకుముందు ఆ సీలింగును ఒక్కసారైనా చూసి ఉండరు. ఇప్పుడు రోజూ పొద్దున్నే టీ కప్పుతో దాని కిందే నిలబడుతున్నారు. నిన్న కంచె దగ్గర, "కిటికీ మూలది కాస్త పెరిగినట్టు లేదూ?" అని అడిగారు. మేమింకా ఒక్క పార మట్టి కూడా తియ్యలేదు. ఓళిగలు పంపితే తిప్పి పంపారు. కోపంతో కాదు, వివాదం నడుస్తుండగా తీసుకోవచ్చో లేదో సర్వేయర్ని అడిగి చెప్తానన్నారు. ఆయన ఆ ప్రశ్నకు గంటలో ఎంత భాగం వేస్తాడో బిల్లు వస్తే తెలుస్తుంది.

మీ సర్వేయర్లు తమ సంఘానికి పిరమస్ అండ్ థిస్బీ అని పేరు పెట్టుకున్నారని తెలిసి ముచ్చటపడ్డాను. పక్కపక్క ఇళ్లలో పుట్టి, పెద్దలు మాట్లాడుకోవద్దంటే ఉమ్మడి గోడ పగుల్లోంచి గుసగుసలాడుకున్న పాత కథలోని ప్రేమజంట. ఆ పగులే లేకపోతే వాళ్లకు మాటే లేదు. నేనూ మామ్మగారూ పగుళ్లు ఫోటో తీసిన రోజు నుంచే మాట్లాడుకోవడం తగ్గించాం.

మీ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఫీజులు కాదు. ఇన్ని నోటీసులూ ఇందరు సర్వేయర్లూ అయ్యాక చివర్లో వచ్చే అవార్డు, అంటే సర్వేయర్ల తీర్పు, "కట్టుకో" అనే చెబుతుంది. ఏ వేళల్లో, ఎట్లా, ఏం జాగ్రత్తలతో అన్నదే తేలుస్తారు గానీ, చట్టప్రకారం కట్టేవాణ్ణి పక్కింటివాళ్లు ఆపలేరు. అది మంచిదే. మా ఊళ్లో తాత వేసిన హద్దు దావాకు మనవడు వాయిదాకెళ్లే ఇళ్లు నాకు తెలుసు, ఆ లెక్కన మీరు దేవుళ్లు. కానీ జవాబు ముందే తెలిసినప్పుడు ఆ ముసలావిడకు "నువ్వు భయపడకు, నీ ఇంటికేమైనా అయితే అతనే బాగుచేయిస్తాడు" అని ఒక్క ముక్క, ఆవిడకు అర్థమయ్యే మాటల్లో, నోటీసు మొదట్లోనే ఎందుకు రాయించరు? సెక్షన్ నంబర్లు చూస్తే ఎవరైనా కెంటుకే ఫోన్ చేస్తారు. సంతకం పెట్టనంత మాత్రాన అది గొడవ ఎందుకవ్వాలి? వెళ్లి తలుపు కొట్టి ఒకసారి అడగమనడానికి ఇంకో వారం గడువిస్తే గోడ కూలుతుందా?

ఈ ప్రశ్నలకు 14 రోజుల్లోగా రాతపూర్వకంగా బదులివ్వగలరు. ఇవ్వకపోతే మన మధ్య వివాదం తలెత్తినట్టే భావిస్తాను. ఆపైన పది రోజుల్లో మీరు సర్వేయర్ని పెట్టుకోకపోతే మీ తరఫున నేనే పెడతాను. మనిషిని చూసి ఉంచాను కూడా. మా నాయన పేరు ఈ ఇంటి కాగితాల్లో లేదు కాబట్టి ఆయన కక్షిదారు కాడు, మీ నిర్వచనం ప్రకారం ఆయనకు ఇంతకన్నా అర్హత అక్కర్లేదు. విజిటర్ వీసా మీద సంపాదించకూడదు గనుక ఫీజు తీసుకోడు, పూటకో పెసరట్టు చాలు. అవార్డు సీసపద్యంలో రాస్తానంటున్నాడు, మీ పగుళ్ల జాబితా ఎత్తుగీతిలో వస్తుంది. యతి ఎక్కడైనా తప్పిందనిపిస్తే 14 రోజుల్లో కౌంటీ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఇట్లు,
మీ బిల్డింగ్ ఓనర్