నడుం మీద చేతులు, రెండు నిమిషాలు

"మామా, శనివారం మా కాలేజీల ఆత్మవిశ్వాసం ఉన్నది. అమ్మనో నాయిననో ఒకల్ని తోల్కరావాల్నట. రాకుంటే ఐదొందలు ఫైను."

మా అక్క బిడ్డ ఫోనులో ఈ ముక్క చెప్పినప్పుడు నాకేమీ వింతగా అనిపించలేదు. సోమవారం ఎకనామిక్స్ ఉంటుంది, గురువారం కంప్యూటర్ ల్యాబు ఉంటుంది, శనివారం ఆత్మవిశ్వాసం ఉంటుంది. ఫైను కూడా సబబే. ధైర్యం చాలని పిల్లలే కదా ముందు ఎగ్గొట్టేది. జరిమానా భయం పెడితే తప్ప వాళ్లు ధైర్యం నేర్చుకోవడానికి రారు.

అక్కా బావా పుణెలో సెంట్రింగు పనిలో ఉన్నారు. ఉగాదికి కోస్గి దగ్గర మా ఊరికి వచ్చి నాలుగు రోజులుండి పోయారు. బిడ్డకు ఆత్మవిశ్వాసం ఉందని చెబితే గుంపు మేస్త్రీ మళ్లీ సెలవిస్తాడా? కాబట్టి అమ్మా నాన్నల పక్షాన నేను హాజరయ్యాను. అక్కడ నేను చూసిన మహత్కార్యాన్ని లోకానికి తెలియజేయడం నా బాధ్యత.

పాలమూరు శివారులో ఒక ఫంక్షన్ హాలు. ముందురోజు రాత్రి అక్కడ పెళ్లయింది. స్టేజీ మీద రెండు థర్మాకోల్ హంసలు, వాటి మధ్య ఎర్ర మఖమలు సింహాసనాలు, వెనక బంతిపూలతో వధూవరుల పేర్లు. వరుడి పేరులో రెండక్షరాలు అప్పటికే రాలిపోయాయి. హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకుల వారు వరుడి సింహాసనంలో, ప్రిన్సిపాల్ గారు వధువు సింహాసనంలో ఆసీనులయ్యారు. కింద మూడు వందల మంది పిల్లలు, అన్నాలప్పుడు వేసే ప్లాస్టిక్ కుర్చీల్లో, మోకాలికి మోకాలు తగులుతూ.

పదింటికన్నారు. సారు పన్నెండింటికి వచ్చారు. ఏప్రిల్ నెల, పాలమూరు ఎండ, ఒంటి మీద కోటు, లోపల ఇంకో చిన్న కోటు. వస్తూనే "గుడ్ మాణింగ్!" అన్నారు. మేం అన్నాం. వినబడలేదన్నారు. మళ్లీ అన్నాం. ఇంకా వినబడలేదన్నారు. నేను లెక్కపెట్టాను, ఏడోసారికి గానీ ఆయనకు వినబడలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన "పాపం చెవుడున్నట్టుంది. అయినా గింత దూరమొచ్చిండు" అని జాలిపడ్డాడు.

తర్వాత తెర మీద ఒక గుండ్రటి బొమ్మ వేశారు. మనం ఎదుటివాళ్లకు చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ఒంటి తీరుది 55. "ఇది సైన్స్!" అన్నారు. సైన్సే, కాకపోతే వేరే సంగతి గురించిన సైన్సు. అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ఆయన 1967లో ఒక్కో మాటను రకరకాల గొంతుల్లో వినిపించి, మొహాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమో కాదో పోల్చుకోండి అన్నాడు. ఆ లెక్క అంతవరకే. మామూలు మాటలకు దాన్ని అంటగట్టొద్దని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన చెబితే ఎవరు వింటారు, మాటల వాటా 7 శాతమే కదా.

సరే, నిజమే అనుకుందాం. అలాంటప్పుడు మూడు గంటలు మాట్లాడడం దేనికి? వచ్చి, నిలబడి, కోటు చూపించి, కవరు తీసుకుని పోతే 93 శాతం పని అయిపోయినట్టే. పన్నెండున్నరకల్లా అందరం అన్నం తినేవాళ్లం.

ఇక అసలు ఘట్టం. "అందరూ లేవండి. కాళ్లు ఎడంగా పెట్టండి. చేతులు నడుం మీద. గడ్డం పైకి. రెండు నిమిషాలు! మీ హార్మోన్లే మారిపోతాయి!"

మూడు వందల మంది లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. కుర్చీల మధ్య జానెడు ఎడం లేదు కాబట్టి ప్రతివాడి మోచేయీ పక్కవాడి డొక్కలో దిగింది. మొదటి అర నిమిషం ఆత్మవిశ్వాసం కంటే "అబ్బా", "జరుగురా" అనే మాటలే ఎక్కువ వినిపించాయి. లెక్చరర్లు గోడ పొడుగునా వరసగా నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు స్టేజీ మీద, హంసల నడుమ, నడుం మీద చేతులతో, అలిగిన పెళ్లికూతురిలా ఉన్నారు. నేనూ నిలబడ్డాను. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఏమో, ఇప్పుడైనా మారొచ్చు.

నిమిషం గడిచిందో లేదో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. మైకు ఆగింది. ఇక చాలు అని చెప్పాల్సిన సారు గొంతు మా దాకా రాదు. ఆయన చెప్పందే చేతులు దించితే ఆత్మవిశ్వాసం సగంలో ఆగుతుందేమోనని ఎవరూ దించలేదు. చీకట్లో, చెమటలు కారుతూ, మూడు వందల మంది అట్లాగే నిలబడ్డారు. వంటశాల నుంచి సాంబారు గంజు ఎత్తుకుని ఇద్దరు మనుషులు లోపలికొచ్చి, చీకట్లో ఇంతమంది నడుం మీద చేతులేసుకుని తమ వైపు చూస్తుంటే, ఏం తప్పు చేశామోనని గంజు అక్కడే దించి వెనక్కి పోయారు. జనరేటరు తిరిగేసరికి ఆరేడు నిమిషాలు పట్టింది. అంటే మా పిల్లలకు మూడింతల డోసు పడింది. వెనక వరస నుంచి ఒక పిలగాడు అప్పుడడిగాడు: "సార్, దించాల్నా?"

మా కోడలు చెవిలో గుసగుసలాడింది. "మామా, నల్లాకాడ మా నాయినమ్మ గిట్లనే నిలవడ్తది. సర్పంచి గూడ ఆ తొవ్వల రాడు."

ఈ భంగిమ కథ కూడా చెప్పుకోవాలి. 2010లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 42 మందిని ఇట్లాంటి రకరకాల భంగిమల్లో నిలబెట్టి, కూర్చోబెట్టి, ఉమ్మి పరీక్ష చేసి, రెండు నిమిషాలకే హార్మోన్లు మారాయని రాశారు. తర్వాత వేరేవాళ్లు ఇంకా ఎక్కువ మందితో చేసి చూస్తే మారలేదు. 2016లో ఆ ముగ్గురిలో మొదటి పేరున్న డేనా కార్నీయే ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా రాసేసింది. రాసినామెకే నమ్మకం పోయిన భంగిమను పిల్లలకు నమ్మకం తెప్పించడానికి వాడాలంటే మామూలు ఆత్మవిశ్వాసం చాలదు. అందుకే ఆయన అంత ఖరీదు.

స్థానికత కోసం సారు మా పిల్లలమర్రి చెట్టును కూడా వదల్లేదు. "మీ పిల్లలమర్రి చూడండి! ఏడు వందల ఏళ్లు! ఎలా నిలబడింది? సెల్ఫ్ కాన్ఫిడెన్స్!" చప్పట్లు. పాలమూరు వాళ్లకు తెలుసు ఎలా నిలబడిందో. 2017 చివర్లో చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే జనాన్ని రానివ్వడం ఆపేశారు. 2018లో చెదలు చంపే మందు కలిపి, ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు కొమ్మ కొమ్మకూ సెలైన్ సీసాలు వేలాడదీశారు. వంగిన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టారు. కోటు తొడుక్కుని ఆ మర్రి ముందు నిలబడి "నువ్వు లేస్తావ్! గట్టిగా చెప్పు!" అని ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే ఈపాటికి కట్టెల మండీకి పోయేది.

మనిషి ధీమా గురించి 1977లో ఆల్బర్ట్ బండూరా అనే ఆయన పద్ధతిగా రాశాడు. అన్నిటికంటే గట్టిది, తాను స్వయంగా ఒక పని చేసి గెలిచిన అనుభవం. తర్వాతది, తనలాంటివాళ్లు గెలవడం కళ్లారా చూడటం. ఆ తర్వాత ఎవరో చెప్పే "నువ్వు చేయగలవు". మైకు పెట్టి అమ్ముకోవడానికి వీలైనది ఆ చివరిదొక్కటే కాబట్టి అదే బజారుకొచ్చింది. మొదటి రకం మా కోడలి దగ్గర ఉంది. ఏడో తరగతి సెలవుల్లో పుణె పోయినప్పుడు మేస్త్రీ లెక్కల బుక్కు తీసి చదివి, బావ తీసుకున్న అడ్వాన్సు రెండుసార్లు కోశాడని పట్టుకుంది. పన్నెండేళ్ల పిల్ల, షెడ్డు ముందర, ఇరవై మంది కూలీల మధ్య, వేలు పెట్టి చూపించింది. నాలుగు వేలు వాపసు వచ్చాయి. అప్పుడు దాని చేతులు ఎక్కడున్నాయో మాత్రం ఎవరూ చూడలేదు.

అన్నం తర్వాత ప్రశ్నల కార్యక్రమం. "ఎవరైనా ధైర్యంగా లేచి తమ సమస్య చెప్పండి" అన్నారు సారు. మూడు వందల మందిలో ఒకటే చెయ్యి లేచింది. మాదే.

స్టేజీ ఎక్కి మైకు తీసుకుంది. "సార్, నాకు పోస్టాఫీసు నౌకరి లిస్టుల పేరొచ్చింది. టెన్త్ మెమో ఒర్జినల్ చూపియ్యాలె. గది కాలేజీలనే ఉన్నది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఇస్తలేరు సార్."

ప్రిన్సిపాల్ గారు థర్మాకోల్ హంస మెడను పరీక్షగా చూడసాగారు.

శిక్షకుల వారు చిరునవ్వు నవ్వారు. "చూశారా? సమస్య ఎక్కడుందో చూశారా? భాషలో! 'ఇస్తలేరు' ఏమిటమ్మా? రేపు ఇంటర్వ్యూలో ఇలాగే మాట్లాడతావా? 'ఇవ్వడం లేదు' అనాలి. చెప్పు."

"ఇవ్వడం లేదు."

"గట్టిగా! ఆత్మవిశ్వాసంతో!"

"ఇవ్వడం లేదు!"

"అందరూ!"

మూడు వందల గొంతులు ఒక్కసారిగా, పైకప్పు రేకులు అదిరేలా: "ఇవ్వడం లేదు!"

"వినబడలేదు!"

"ఇవ్వడం లేదు!!"

"సూపర్!" అన్నారు సారు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు కూడా కొట్టారు. మా కోడలు మైకు తిరిగిచ్చి దిగి వచ్చింది. మెమో సంగతి అక్కడితో ముగిసింది, ఉచ్చారణ మాత్రం బాగుపడింది.

ఇక్కడిదాకా నేను మర్యాదగానే రాసిన. ఇగ నాతోని కాదు.

ఏం సారూ, ఆ పిల్లకు ధైర్నం లేదని నీకెవడు చెప్పిండు? మూడొందల మందిల ఒక్కతే లేచి, ప్రిన్సిపాల్ ముంగట్నే నిలవడి, నా మెమో నాకిస్తలేరని చెప్పింది. ఇంతకంటె ధైర్నం యాడుంటది? ఆ ఒక్క నిమిషాన్ని గుంజుకొని, దాని నోట్లున్న మాటను తప్పని తేల్చి, నలుగుట్ల నవ్వులపాలు జేసి దించినవ్. మల్ల దానికి ఆత్మవిశ్వాసం నేర్పినవంట. చెప్పులెత్తుకపోయినోడే గుడి ముంగట చెప్పుల దుకాణం పెట్టినట్టున్నది.

ఆ 'ఇస్తలేరు' వాళ్లమ్మ మాట. వాళ్ల నాయినమ్మ మాట. గదే కాలేజీల సెప్టెంబర్ 9న కాళోజీ ఫొటోకు దండేసి తెలంగాణ భాషా దినోత్సవం జేసిన్రు, మా కోడలే పాట వాడింది. ఒక దినం పండుగకు పనికొచ్చిన భాష, మెమో అడుగనీకి పనికి రాదా? తెలంగాణల కవులే లేరన్న మాటొకటి ఎనుకట వినవడ్డది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి అప్పుడు గడ్డం పైకెత్తి రెండు నిమిషాలు నిలవడలే. వెతికి వెతికి 354 మంది కవులను జమచేసి, 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసి ముంగట వెట్టిండు.

దాని అన్న ఒకడున్నడు. హైదరాబాదు అశోక్‌నగర్ల అగ్గిపెట్టెంత రూముల నలుగురితోని పండుకొని చదివిండు. 2022 ఏప్రిల్ల 503 పోస్టులకు గ్రూప్-1 వడ్డది. అక్టోబర్ల పరీక్ష రాసిండు. పేపర్ లీకని 2023 మార్చిల రద్దు జేసిన్రు. జూన్ల మల్ల రాసిండు. సెప్టెంబర్ల హైకోర్టు గదీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిల నోటిఫికేషనే ఎత్తేసిన్రు. వానికి తక్కువైంది ఆత్మవిశ్వాసమా? వాడు రెండుసార్లు నమ్మిండు. నమ్మి మోసపోయినోని దగ్గరికొచ్చి 'నిన్ను నువ్వు నమ్ముకో' అంటున్రు. వాడు వాన్ని నమ్ముకుంటనే ఉన్నడు, మీ సంగతేందో చెప్పున్రి.

సర్కారు కాలేజీకి పైసలియ్యదు. కాలేజీ పిల్లకు మెమో ఇయ్యదు. నడుమ పిల్ల నలుగుతది. సర్కార్లు మారినయి, బకాయిలు మారలే. గీ మెమో ఒక్కటి దాని చేతుల వెట్టున్రి. ఊరి పోస్టాఫీసుల కూసోని, పించన్లకొచ్చిన ముసలోల్లకు నోట్లు లెక్కవెట్టి ఇయ్యంగ చూడున్రి దాని గడ్డం ఎంత పైకుంటదో. మూడొందల మందికి బువ్వ, హాలు కిరాయి, సారు కవరు, అన్ని కలిపితే ఎందరి ఫీజు తేలుతుండెనో లెక్కజేసే ధైర్నం ఆ స్టేజి మీదున్నోల్లకు ఉన్నదా?

క్షమించాలి. మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను.

సాయంత్రం నాలుగింటికి ప్రశంసాపత్రాల ప్రదానం జరిగింది. నిగనిగలాడే అట్ట, బంగారు రంగు అంచు, మధ్యలో గర్జిస్తున్న సింహం. ఫలానా విద్యార్థిని ఆత్మవిశ్వాస శిక్షణ విజయవంతంగా పూర్తి చేసిందని ప్రిన్సిపాల్ గారి సంతకం, స్టాంపు. మా కోడలి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, అయినా ఇచ్చారు. బకాయిల ప్రస్తావన లేకుండా, అర్జీ లేకుండా, అడగకుండానే ఇచ్చారు.

కోస్గి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ ఇంకా తగ్గలేదు. అది ఆ సింహం అట్టతో విసురుకుంటూ కూర్చుంది. హన్వాడ దాటుతుండగా ఆగి, అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మామా, ఇది జిరాక్సా, ఒర్జినలా?"

"ఒర్జినలే బిడ్డా."

"అయితే మనకెందుకిచ్చిన్రు?"