టవర్ వద్దంటాం, సిగ్నల్ మాత్రం కావాలి

నెల్లూరులో ఏ వీధిలో అయినా మిద్దె మీద సెల్ టవర్ లేపుతున్నారంటే చాలు, పక్క నాలుగిళ్లోళ్లు గేటు దగ్గరికొచ్చేస్తారు, క్యాన్సరొస్తుందనీ పిచ్చుకలు కనపడకుండా పోయాయనీ. అద్దె ఆ మిద్దె ఓనర్‌కి, భయం పక్కింటోళ్లకి, అందుకే వాళ్ల కోపాన్ని మేం తప్పు పట్టం. కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డోళ్లని చూడండి, ఇద్దరు ముగ్గురు చెవికి ఫోన్ ఆనించుకునే ఉంటారు.

దూరం పెరిగేకొద్దీ టవర్ రేడియేషన్ గబగబా పడిపోతుంది, ఫోన్ అయితే చెవికి అతుక్కునే ఉంటుంది కదా. పైగా టవర్ దూరమైతే ఫోన్ తన పవర్ పెంచుకోవాల్సిందే. ఉదయగిరి కొండల పక్క ఊళ్లలో ఒక్క గీత కోసం మిద్దెక్కి, పిట్టగోడ పక్కన నిలబడి, ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంటా "వినపడతా ఉండాదా" అని అరుస్తా మాట్లాడతా ఉంటారు. టవర్‌ని తరిమేస్తే మన వీధిలోనూ అదే సీను.

క్యాన్సర్ సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) కిందుండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2011లో ఈ ఫోన్, టవర్ల రేడియో తరంగాల్ని 2బి గ్రూపులో పెట్టింది, అంటే క్యాన్సర్‌కి కారణం 'కావచ్చేమో' అనే గ్రూపు, కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ కూడా అందులోనే ఉంది మరి. 2024లో డబ్ల్యూహెచ్‌వో చేయించిన రివ్యూలో ఫోన్‌కీ మెదడు క్యాన్సర్‌కీ లింకు కనపడలేదు. ఎక్స్‌రేలాగా డీఎన్‌ఏని తెంచే శక్తి వీటికి లేదు. అలాగని పసిబిడ్డ దిండు కింద ఫోన్ పెట్టమని మేం చెప్పం.

మా కోపమల్లా లెక్క చెప్పనోళ్ల మీద. మన దేశంలో 2012 సెప్టెంబర్‌లో టవర్ రేడియేషన్ లిమిట్‌ని అంతర్జాతీయ లిమిట్‌లో పదో వంతుకి తగ్గించారు. ఫోన్‌కైతే సార్ (SAR) విలువ, అంటే ఫోన్ నుంచి ఒంట్లోకి దిగే శక్తి లెక్క, కిలోకి 1.6 వాట్లు దాటకూడదు, చాలా ఫోన్లలో స్టార్ హ్యాష్ 07 హ్యాష్ కొడితే కనపడుతుంది. టవర్ల వివరాలకి తరంగ్ సంచార్ పోర్టల్ పెట్టారు, బాగానే ఉంది, స్టోన్‌హౌస్‌పేటలో అవ్వ పోర్టల్ తెరిచి చూస్తుందా? రేడియేషన్ ఎంతొచ్చింది, లిమిట్ ఎంత, ఎప్పుడు కొలిచారు, ఈ మూడు ముక్కలు తెలుగులో రాసి ఆ గేటుకే తగిలించాలి, పర్మిషన్ కాగితంలోనే కార్పొరేషనోళ్లు ఈ షరతు పెట్టాలి. ఈలోపు ఒక్క గీతే ఉన్నప్పుడు మాట్లాడాల్సొస్తే స్పీకర్ ఆన్ చేసి ఫోన్ని మూరెడు దూరంలో పెట్టుకోండి, పక్కింటోళ్లు వింటే వింటారు.