‘తగిన అభ్యర్థులు లభించలేదు’ అనే వాక్యానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘తగిన అభ్యర్థులు లభించలేదు’ వారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. అమెరికా పల్లెల్లోని మాజీ సైనికులు మాత్రం తమ జబ్బులను తమ ఊరి వైపు నుంచి చూసే పరిశోధకుల కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు. అటువంటివారు ఎక్కడున్నారని ఎవరు అడిగినా కమిటీలు తమరినే ముందుకు తోస్తున్నాయి గనుక, తమరి సేవాచరిత్రను ఒకసారి తమరికే గుర్తుచేయాలనిపించింది.

అలబామాలోని టస్కెగీలో 1923లో నల్లజాతి మాజీ సైనికులకు ఆసుపత్రి తెరిచినప్పుడు తమరు పడిన శ్రమ మరువరానిది. రోగులు నల్లవారైనా వైద్యులు, నర్సులు తెల్లవారే కావాలని స్థానిక పెద్దలు పట్టుబట్టారు. తెల్ల నర్సులు నల్లజాతి పురుషులకు సేవ చేయరాదని ఆ రాష్ట్ర చట్టం కాబట్టి, జీతం నర్సులు పుచ్చుకునేలా, రోగిని ముట్టుకునే పని నల్లజాతి ఆయాలు చేసేలా ఏర్పాటు తలపెట్టారు. (మడి ఆచారం మన సొంతమనుకునేవారు గమనించగలరు.) జులైలో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా ఊరేగింపు కూడా తీసింది. ఇంతచేసినా మరుసటి ఏడాదికల్లా జోసెఫ్ వార్డ్ అనే నల్లజాతి వైద్యుడు ఆ ఆసుపత్రికి అధిపతి అయ్యాడు. మతిమరుపు జబ్బుకు తన పేరిచ్చిన వైద్యుడు ఆల్జైమర్ వద్ద పనిచేసి వచ్చిన నల్లజాతి మానసిక వైద్యుడు సాల్మన్ కార్టర్ ఫుల్లర్, టస్కెగీకి వెళ్లవలసిన నల్లజాతి యువ వైద్యులకు బోస్టన్‌లో శిక్షణ ఇచ్చాడు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవారి సంగతి తమరికి వేరే చెప్పాలా?

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రిలో 1947లో చేరిన శాస్త్రవేత్త రోజలిన్ యాలో ప్రయోగశాల ఒకప్పుడు చీపుళ్లు దాచుకునే గది. ఇన్సులిన్ మీద ఆమె, సహపరిశోధకుడు బెర్సన్ కలిసి రాసిన వ్యాసాన్ని తిప్పిపంపిన ఉత్తరం తమరి దాయాదే అయివుండాలి. 1977లో నోబెల్ అందుకున్నాక ఆమె తన ఉపన్యాసంలో దాన్ని లోకానికంతటికీ చూపించింది.

ఇప్పటి వ్యవహారానికి వద్దాం. దేశంలోని మాజీ సైనికుల్లో దాదాపు నాలుగోవంతు పల్లెల్లోనే ఉన్నారు. వారికోసం మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో గ్రామీణ ఆరోగ్య కార్యాలయం ఏర్పాటైంది 2006లో. అయితే 1946 నుంచి ఆ శాఖ ఆసుపత్రులు వైద్య విశ్వవిద్యాలయాలతో జతకట్టి నడుస్తున్నాయి గనుక, పరిశోధన ఆ విశ్వవిద్యాలయాలున్న ఊళ్లలోనే స్థిరపడింది. శాఖ నిధులతో పరిశోధనకు నాయకత్వం వహించాలంటే సాధారణంగా అక్కడ కనీసం 5/8 వంతు, అంటే వారానికి 25 గంటల ఉద్యోగం ఉండాలి. పల్లె క్లినిక్‌లోని వైద్యురాలికి ఆ గంటలు లేకపోలేదు, అవన్నీ రోగులకే సరిపోతాయి. ఆమె దరఖాస్తు రాయడానికి తీరిక దొరకనందున తమరు లభిస్తారు. జనాభాలో తమ వాటాను మించి సైన్యంలో చేరిన ఆదివాసుల బిడ్డలు పరిశోధకులుగా కనబడనిచోట కూడా తమరే లభిస్తారు.

ఇందులో మావాళ్ల ముచ్చట ఒకటుంది. వైద్యులు దొరకని ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేస్తామంటే, శిక్షణ ముగిసిన విదేశీ వైద్యులను స్వదేశానికి తిరిగి వెళ్లకుండానే ఉండనిచ్చే ఏర్పాటు 1994లో మొదలైంది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మంది. గుంటూరులోనో కర్నూలులోనో చదివినవారు ఆ దారిన మారుమూల పట్టణాలకు చేరి, అక్కడివారి గుండెలను, మధుమేహాన్ని చూస్తుంటారు. వైద్యానికి వారు లభిస్తారు. అదే రోగుల మీద పరిశోధన అనగానే మళ్లీ తమరే హాజరు.

2025 జనవరిలో మాజీ సైనికుల శాఖ, అన్ని వర్గాలవారికీ చోటు కల్పించే వైవిధ్య కార్యక్రమాలను ముగించినట్టు ప్రకటించింది. ఎందరిని వెతికారో లెక్కచెప్పే బాధ తప్పింది కనుక తమరికిక ఓవర్‌టైమ్ ఉండదని ఆశిస్తాను. ఆ మిగిలిన సమయంలో ఏదైనా పల్లె క్లినిక్‌కు వెళ్లి, సాయంత్రం ఆఖరి రోగి వెళ్లేదాకా వరండాలో కూర్చోండి. తమరు సెలవులో ఉన్నట్టు కమిటీకి నేనే కబురు పంపుతాను.

ఇట్లు,
తమరి మూలంగా ఎంపిక కాని ఒక దరఖాస్తు