రోహిణి కార్తెను మరిచిపోయిన ‘అల్ఫెలియన్’

మామిడిపళ్లు వెళ్లిపోయి జూలై వచ్చిందంటే ఆ సందేశం వాట్సాప్‌లో ప్రత్యక్షమవుతుంది. ఈసారి నాకు మా మేనత్త పంపింది. ఆమెకు భజన బృందం నుంచి వచ్చింది, ఆ బృందానికి ఇంకెక్కడి నుంచో. సందేశం సారాంశం ఇది: “రేపు ఉదయం 5:27 నుంచి అల్ఫెలియన్ మొదలవుతుంది. భూమి సూర్యుడికి చాలా దూరంగా వెళ్తుంది. మామూలుగా ఈ దూరం 5 కాంతి నిమిషాలు, అంటే 9 కోట్ల కిలోమీటర్లు. ఇప్పుడు 15.2 కోట్ల కిలోమీటర్లకు, అంటే 66 శాతం పెరుగుతుంది. ఆగస్టు 22 వరకు ఎన్నడూ లేనంత చలి ఉంటుంది. ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి, జ్వరం, దగ్గు వస్తాయి. విటమిన్లు వాడి రోగనిరోధక శక్తి పెంచుకోండి. అందరికీ పంపండి.”

కింద అత్తయ్య సొంతంగా ఒక వాక్యం చేర్చింది: “అటక మీద స్వెట్టర్లు దించుకోండిరా.”

నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఇందులో ఒక్క అంకె నిజం, మిగతావన్నీ అబద్ధం. ఆ ఒక్క నిజమే మిగతా వాటిని ఏళ్ల తరబడి మోస్తోంది. అందుకని ఒక్కొక్క మాటే తీసుకుని చూద్దాం.

“మామూలుగా 9 కోట్ల కిలోమీటర్లు.”

కాదు. భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్1 బయల్దేరినప్పుడు పత్రికలన్నీ రాసిన వాక్యం గుర్తుందా? ఆ నౌక వెళ్లేది 15 లక్షల కిలోమీటర్లు, అది సూర్యుడి దూరంలో దాదాపు ఒక శాతం మాత్రమే అని. అంటే మొత్తం దూరం 15 కోట్లని అప్పుడే అందరం చదివాం.

శుక్రుడు సూర్యుడికి 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరుగుతాడు. భూమి 9 కోట్ల దూరంలో ఉందంటే శుక్రుడిని దాటి లోపలికి వెళ్లి కూర్చున్నట్టు. అక్కడ మనమీద పడే ఎండ ఇప్పటికి రెండున్నర రెట్లు దాటిపోతుంది. ఇక స్వెట్టర్ల ప్రసక్తే ఉండదు, ఆ సందేశం పంపడానికి మనుషులూ ఉండరు.

ఒక చిన్న విషయం మాత్రం ఒప్పుకోవాలి. 5 కాంతి నిమిషాలంటే, అంటే కాంతి 5 నిమిషాల్లో పోయే దూరం, నిజంగానే 9 కోట్ల కిలోమీటర్లు, ఆ గుణకారం తప్పలేదు. తప్పింది మొదటి అంకె. సూర్యకాంతి మన దాకా రావడానికి 5 నిమిషాలు కాదు, 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది. చిట్టచివరి శాతం కూడా తప్పే: 9 నుంచి 15.2కు పెరిగితే అది 66 కాదు, దాదాపు 69 శాతం. అబద్ధమాడేవారు కూడా క్యాలిక్యులేటర్ తీయలేదు.

“15.2 కోట్ల కిలోమీటర్లకు పెరుగుతుంది.”

నిజమైన అంకె ఇదొక్కటే. భూకక్ష్య ఖచ్చితమైన వృత్తం కాదు, కొద్దిగా సాగిన దీర్ఘవృత్తం. ఏటా జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వస్తుంది, దూరం 14.71 కోట్ల కిలోమీటర్లు. దీన్ని పరిహేళి అంటారు. జూలై మొదటి వారంలో అన్నిటికన్నా దూరంగా ఉంటుంది, 15.21 కోట్లు. ఇది అపహేళి. సందేశంలో ‘అల్ఫెలియన్’ అని వచ్చింది దీని ఆంగ్ల నామమైన అఫీలియన్‌కు పుట్టిన వికృతి.

రెండింటికీ తేడా 50 లక్షల కిలోమీటర్లు. వినడానికి పెద్దదే, కానీ మొత్తంలో మూడు శాతం చిల్లర. ఎండ విషయంలో ఇది ఆరేడు శాతం తేడాగా తేలుతుంది. కాంతి ప్రయాణంలో చూస్తే జనవరిలో 8 నిమిషాల 11 సెకన్లు, జూలైలో 8 నిమిషాల 27 సెకన్లు. ఈ పదహారు సెకన్ల కథను పట్టుకుని 66 శాతం చేశారు.

ఇది కొత్త వింత కూడా కాదు. మన పాత ఖగోళ సిద్ధాంత గ్రంథాలు భూమిని కేంద్రంగా పెట్టుకునే లెక్కలు వేసినా, సూర్యుడి నడక ఎక్కడ మందగిస్తుందో చక్కగా పట్టుకున్నాయి. ఆ స్థానానికి మందోచ్చమని పేరు పెట్టి, దాన్ని మిథునరాశిలో చూపించాయి. సూర్యుడు మిథునరాశిని దాటడానికి 31 రోజుల పైచిలుకు తీసుకుంటాడు. ధనుర్మాసం 29 రోజుల చిల్లరతో అయిపోతుంది. ఒక సౌరమాసానికీ ఇంకొక సౌరమాసానికీ సుమారు రెండు రోజుల తేడా ఎందుకంటే, దూరంగా ఉన్నప్పుడు భూమి మెల్లగా, దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా నడుస్తుంది కనుక. తిరుప్పావై పాశురాలు తెల్లవారుజామున వణుకుతూ వినే ధనుర్మాసంలోనే మనం సూర్యుడికి దాదాపు అతి దగ్గరగా ఉంటాం. సందేశం రాసినవారికి ఈ ఒక్క ముక్క తెలిస్తే కథ అక్కడే ఆగేది.

“ఉదయం 5:27 నుంచి.”

నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టింది ఈ సమయమే. ఇంత కచ్చితంగా 5:27 అని ఎక్కడ దొరికింది? అపహేళి ఏటా ఒకే సమయానికి రాదు. 2022లో జూలై 4న మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 12:40కి వచ్చింది. 2024లో జూలై 5 ఉదయం 10:36కి. 2025లో జూలై 4 తెల్లవారుజామున 1:24కి. ఒక్కటీ కలవదు.

2021 దగ్గర చిక్కు విడింది. ఆ ఏడాది అపహేళి అంతర్జాతీయ సమయం ప్రకారం జూలై 5 రాత్రి 10:27కి వచ్చింది. మనకది జూలై 6 తెల్లవారుజాము 3:57. అంతర్జాతీయ సమయానికి ఏడు గంటలు ముందుండే ఇండోనేషియాలోని జావా దీవి గడియారంలో సరిగ్గా జూలై 6 ఉదయం 5:27! ఇండోనేషియాలో ఇదే సందేశం అక్కడి భాషలో తిరగడం, అక్కడి వాతావరణ సంస్థ బీఎంకేజీ దాన్ని ఖండించడం జరిగాయి. మనవాళ్లు సందేశాన్ని అనువదించారు గానీ గడియారం ముల్లు తిప్పడం మరిచారు. అందుకే ఆ ‘రేపు ఉదయం 5:27’ ఇన్నేళ్లయినా రేపటి లాగే ఉండిపోయింది.

జావాలో అది ఎందుకు నమ్మదగినదిగా కనిపించిందో కూడా చెప్పాలి. జావా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. జూలై, ఆగస్టుల్లో అక్కడ వానలు లేని కాలం. ఆస్ట్రేలియా వైపు నుంచి పొడి గాలి వీస్తుంది, రాత్రి మబ్బు లేకపోవడంతో నేల వేడి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న డియెంగ్ పీఠభూమిలో ఆలుగడ్డ ఆకులు తెల్లవారేసరికి తెల్లగా గడ్డకట్టి, ఎండెక్కాక మాడిపోతాయి. అక్కడి రైతులు దాన్ని ‘విషపు మంచు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. చలి నిజం, కారణం మాత్రం గాలిది. నెపం దూరం మీద వేశారు.

“దూరం వల్ల ఎన్నడూ లేనంత చలి.”

దూరమే చలికి కారణమైతే భూగోళమంతా ఒకేసారి వణకాలి. డల్లాస్‌లో ఉన్న తెలుగువారిని జూలైలో ఫోను చేసి అడగండి, కారు తలుపు పిడి ముట్టుకోలేకపోతున్నామంటారు. అదే రోజు మెల్‌బోర్న్ వారిని అడగండి, దుప్పట్లు కప్పుకున్నామంటారు. ఇద్దరూ ఉన్నది ఒకే భూమి మీద, సూర్యుడికి ఒకే దూరంలో.

రుతువులను నడిపేది భూమి అక్షం వంపు, 23.4 డిగ్రీలు. హైదరాబాదులో మీటరు పొడవున్న కర్రను నిటారుగా నిలబెట్టండి. జనవరి మొదటి వారంలో నడిమధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు 84 సెంటీమీటర్లు పరుచుకుంటుంది. జూలై మొదటి వారంలో పది సెంటీమీటర్ల లోపే, అదీ దక్షిణం వైపు. సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడన్నమాట. వాలుగా కాకుండా నిట్టనిలువునా పడటం వల్ల నడిమధ్యాహ్నం ఎండ సుమారు 30 శాతం ఎక్కువవుతుంది. దూరం వల్ల పోయేది ఆరేడు శాతం. పైగా జూలైలో పగలు రెండు గంటలు ఎక్కువ. వాతావరణాన్ని పక్కనపెట్టి వచ్చే ఎండను మాత్రమే లెక్కిస్తే, అపహేళి నాడు హైదరాబాదుకు పరిహేళి నాటికన్నా ఎండ బాగా ఎక్కువే అందాలి.

ఇక సందేశాన్ని పూర్తిగా కూల్చేసే సంగతి. అపహేళికి ముందూ వెనకా దూరం సమంగా తగ్గుతూ వస్తుంది. ఆగస్టు 22న భూమి సూర్యుడికి ఎంత దూరంలో ఉంటుందో, మే 16 ప్రాంతంలోనూ సుమారు అంతే దూరంలో ఉంటుంది: 15.13 కోట్ల కిలోమీటర్లు. మే 16న రెంటచింతలలోనో రామగుండంలోనో ఉన్నవారిని చలిగా ఉందా అని అడగగలరా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే చివరి వారంలో మొదలయ్యే ఆ కార్తె పొడవునా సూర్యుడు మనకు 15.15 కోట్ల కిలోమీటర్లకు తగ్గకుండా దూరంలోనే ఉంటాడు. రోళ్లు పగిలేది దూరంగా ఉన్నప్పుడు. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకునేది, ఆదిలాబాదులో చలిమంటలు వేసుకునేది దగ్గరగా ఉన్నప్పుడు.

భూగోళం మొత్తం మీద సగటు ఉష్ణోగ్రత కూడా జనవరికన్నా జూలైలోనే రెండు డిగ్రీల పైచిలుకు ఎక్కువ. ఉత్తరార్ధగోళంలో నేల ఎక్కువ, దక్షిణాన సముద్రం ఎక్కువ. నేల త్వరగా వేడెక్కుతుంది.

మరి జూలైలో మనకు చల్లబడటం అబద్ధమా? కాదు. మే నెలలో హైదరాబాదులో పగటి ఉష్ణోగ్రత నలభై చేరువలో ఉంటే, జూలైలో ముప్పై ఒకటి ప్రాంతానికి దిగుతుంది. దించింది నైరుతి రుతుపవనాలు. మబ్బు ఎండను అడ్డుకుంటుంది, తడిసిన నేల ఆరుతూ వేడిని లాక్కుంటుంది. వారం రోజులు వాన మొహం చాటేస్తే అదే జూలైలో విజయవాడలో ఉక్కపోతకు చొక్కా వీపుకు అంటుకుపోతుంది. అపహేళి ఆ వారం సెలవు పెట్టదు కదా.

దూరానికి అసలు విలువే లేదని కూడా అనను. అంగారకుడి కక్ష్య మరింత సాగి ఉంటుంది. దగ్గరి దూరం 20.7 కోట్ల కిలోమీటర్లు, ఎక్కువ దూరం 24.9 కోట్లు. అక్కడ ఎండ నలభై అయిదు శాతం దాకా మారుతుంది, దగ్గరగా ఉన్న కాలంలో ధూళి తుపానులు రేగుతాయి. ఈ సందేశాన్ని అంగారకుడి మీద పంచుకుంటే కొంత మర్యాద దక్కేది. భూమి మీద కూడా వేల ఏళ్ల లెక్కలో ఈ దూరం పని చేస్తుంది. పరిహేళి తేదీ మెల్లమెల్లగా, సుమారు 58 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతుంది. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజుల్లో, 1246 ప్రాంతంలో, అది డిసెంబరు నాటి అతి చిన్న పగటి రోజుతో కలిసింది. పది పన్నెండు వేల ఏళ్ల కింద ఉత్తరార్ధగోళపు వేసవిలో ఉండేది. అప్పటి రుతుపవనాలు ఇప్పటికన్నా బలంగా ఉండేవి. కానీ ఆ మార్పు రేపు ఉదయం 5:27కు మొదలయ్యేది కాదు.

“జ్వరం, దగ్గు వస్తాయి, విటమిన్లు వాడండి.”

నాకు కోపం వచ్చేది ఇక్కడే. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు పెరుగుతుంది, ఒకటి జనవరి నుంచి మార్చి మధ్య, ఇంకొకటి వానల కాలంలో. మొదటిది సూర్యుడు దగ్గరగా ఉన్నప్పుడు మొదలవుతుందని గమనించండి. వానల్లో వచ్చే జ్వరమంతా ఫ్లూ కూడా కాదు. ఎయిర్ కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో నిలిచిన నీటిలో పెరిగే దోమ డెంగీ తెస్తుంది. జ్వరం వస్తే ‘అల్ఫెలియన్ కదా’ అని నాలుగు రోజులు విటమిన్ బిళ్లలు మింగి కూర్చుంటే, రక్తపరీక్ష చేయించుకోవలసిన రోజులు పోతాయి.

ఇదంతా అత్తయ్యకు ఫోనులో చెప్పాను. “అంతా బాగానే ఉంది గానీ, నాకు కళ్లతో చూపించు” అంది. హైదరాబాదులో మే 9న, ఆగస్టు 3న నడిమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా ఉన్నదేదీ పక్కకు నీడ వేయదు. ఆ సందేశం గజగజ వణకమన్న రోజుల్లోనే ఇలా జరుగుతుందని, ఆగస్టు 3న ఆమెను మేడ మీదికి తీసుకెళ్లాను. స్టీలు గ్లాసు బోర్లించి పెట్టాను. 12:23కి నీడ మాయమవ్వాలి. 12:15 వరకు గ్లాసు పక్కన సన్నటి చీలిక లాంటి నీడ కనిపించింది. అంతలో పడమటి నుంచి మబ్బు కమ్మింది, గ్లాసు నీడా పోయింది, పిట్టగోడ నీడా పోయింది.

“చల్లబడింది చూశావా?” అంది అత్తయ్య.

“మబ్బు వల్ల అత్తయ్యా.”

“అదే కదా నేనూ అంటున్నాను,” అంటూ తీగ మీది బట్టలు తీయడం మొదలుపెట్టింది.