మూరెడు పైపు

ఆటోనగర్లో బోల్టు బిగింపు మగతనానికి పెట్టే పరీక్ష అని నాకు మొన్ననే తెలిసింది.

ఆయిల్ మార్చమని బండి ఇచ్చాను. మేస్త్రి గారు పాత ఆయిల్ దింపి, డ్రెయిన్ బోల్టు పెట్టి బిగించారు. బిగిసింది. మామూలు మనిషైతే అక్కడ ఆగుతాడు. ఆయన పదిహేడో నెంబరు పానాకి మూరెడు పైపు తొడిగి, "ఒరేయ్, బండి గట్టిగా పట్టుకో" అని కుర్రాడికి చెప్పి, కాలు తన్నిపెట్టి లాగారు. కర్రుమంది. ఆ తరవాత బోల్టు వెన్నలో వేలు తిప్పినంత హాయిగా తిరిగింది.

బోల్టు ఉక్కు, ఇంజిన్ కేసు అల్యూమినియం. మెత్తనిదే మర పోగొట్టుకుంటుంది. బోల్టు బయటికి తీస్తే దాని గాళ్లలో అల్యూమినియం తీగ వెండి మొలతాడులా చుట్టుకుని ఉంది. బండి పక్కింటాయనదైతే ఇంకా అందంగా కనిపించేది.

ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా, టార్క్ రెంచ్, లేదా అని అడిగాను. షాపంతా నవ్వింది. "నా చెయ్యే టార్కు సార్!" ఇంజిన్ సైడు కవరుకుండే చిన్న ఆరు ఎంఎం బోల్టుకైతే సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. అంటే పది సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బరువు. ఆ చెయ్యి తెలిసి తెలిసి పది దగ్గర ఆగుతుందా?

వైద్యం మొదలైంది. టెఫ్లాన్ టేపు చుట్టారు, జారింది. నూలు దారం చుట్టారు. దాని మీద ఎంసీల్ మెత్తారు.

"మరి వచ్చేసారి ఆయిల్ ఎలా దింపుతారు?"

"వచ్చేసారి కదా సార్!"

బెంజి సర్కిల్ దాటకముందే నా వెనక నల్లటి చుక్కల ముగ్గు. తిరిగొస్తే, "మర ముందే పోయింది సార్" అన్నారు. నేను ఒప్పుకోకపోయేసరికి కుర్రాడి నెత్తిన ఒక్కటిచ్చి, "వీడు సరిగ్గా పట్టుకోలేదు" అన్నారు.

పద్నాలుగేళ్లుంటాయేమో వాడికి. పైపు తొడిగింది నువ్వు, తన్నిపెట్టి లాగింది నువ్వు, దెబ్బ వాడికా? సిగ్గుండక్కర్లేదా?

నాలుగు షాపుల అవతల లేత్ ఉంది. బండి తోయడానికి కుర్రాడే వచ్చాడు. అక్కడి పెద్దాయన రంధ్రం కాస్త పెద్దది చేసి, ట్యాప్ కొట్టి కొత్త మర కోసి, స్టీలు తీగ చుట్ట లోపలికి ఎక్కించాడు. హెలీకాయిల్ అంటారు. పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. గంటలో తేలిన పని.

బోల్టు కుర్రాడి చేతికే ఇచ్చాడు. వాడు వేళ్లతో వాషరు ఆనేదాకా తిప్పి, పానాతో కొంచెం బిగించాడు.

"చాల్లే" అన్నాడు పెద్దాయన.

కుర్రాడు అనుమానంగా చూశాడు. "పైపు వద్దా?"